మెడ మీది గీత

ఆ వీధిలో కటింగ్ షాపులు ఇంకో రెండు ఉన్నాయి. కానీ ఊరికే షాపు అంటే మాత్రం అది గీతాయన షాపే. బోర్డు మీద వేరే ఏదో పేరుంది, దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు. మెడ వెనక జుట్టు ఎక్కడ ఆగాలో అక్కడ ఆయన కత్తితో ఒక గీత పెడతాడు. అది ఈ చెవి వెనక మొదలై ఆ చెవి వెనక దాకా ఎక్కడా తొణక్కుండా వెళ్తుంది. స్కేలు పెట్టి చూసినా వంక దొరకదని ఎదురుగా ఉన్న బట్టల కొట్టు ఆసామి పందెం కాసేవాడు. ఆ పందేనికి ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి ఆయన గెలిచిందీ లేదు, ఓడిందీ లేదు.

షాపులో రెండు కుర్చీలు. మొదటిది గీతాయనది. రెండో కుర్చీ దగ్గర నిలబడే ఆయన్ని అందరూ నిదానం అంటారు. గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నవాడు లేచేసరికి మళ్లీ మొలుస్తుందని ఆయన మీద ఒక జోకు ఉంది. ఆయన కూడా నవ్వుతాడు, కాకపోతే అందరూ నవ్వడం అయిపోయాక. కుర్చీల ముందు గోడంతా అద్దమే. వెనక గోడకు మాత్రం లేదు. అక్కడ కూడా ఒకటి పెట్టించమని చాలామంది చెప్పారు, గీతాయన వినలేదు. మెడ వెనక ఏం జరిగిందో చూపించడం పని చేసినవాడి బాధ్యత, గోడ బాధ్యత కాదు అనేవాడు. పని పూర్తయ్యాక చేతి అద్దం తీసి, తల వెనక ఒకవైపు, తర్వాత ఇంకోవైపు పట్టుకుని, "చూసుకోండి" అని కదలకుండా నిలబడేవాడు. చూసుకున్నవాడు తల ఊపేదాకా అద్దం దించేవాడు కాదు.

అలాంటి మనిషి, తన సొంత కొడుక్కి ఏడాదిపాటు ఆ అద్దం సరిగ్గా చూపించలేదు.

కొడుకు లిఫ్టులు బిగించే కంపెనీలో మెకానిక్కు. పుట్టెంట్రుకల నుంచి ఇప్పటిదాకా వాడి తల మీద తండ్రి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. నెలకోసారి ఆదివారం పొద్దున షాపు తీయగానే, ఇంకా ఎవరూ రాకముందు, వాడు వచ్చి మొదటి కుర్చీలో కూర్చుంటాడు. ఇంట్లో ఆ ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువ. అన్నం దగ్గర ఇది కావాలా అది కావాలా అన్నదే సంభాషణ. కుర్చీలో కూర్చుంటే మాత్రం మాటలు వాటంతట అవే వచ్చేవి. ఎదురుగా మొహం చూసి చెప్పలేనిది అద్దంలో మొహం చూసి చెప్పడం వాళ్లకు సులువుగా ఉండేది. ఉద్యోగం వచ్చిన సంగతి కొడుకు తండ్రికి చెప్పింది కూడా అలాగే, మెడకు గుడ్డ కట్టించుకుని.

ఆ ఉద్యోగంలో చేరిన నెలలోనే గీతాయన దాన్ని చూశాడు. ఎడమ చెవి వెనక, వేలి గోరంత మేర, జుట్టు పల్చబడి లోపలి చర్మం నున్నగా కనబడింది. దువ్వెనతో మెడ మీది జుట్టు పైకి లేపాడు. దువ్వెన పళ్లలో ఇరుక్కుని కొన్ని వెంట్రుకలు కుదుళ్లతో సహా ఊడివచ్చాయి. అది అలసట వల్లా కాదు, హెల్మెట్ వల్లా కాదు, నీళ్లు పడక అంతకంటే కాదు. అది ఏమిటో ఆయనకు తెలుసు. అచ్చంగా అదే చోట మొదలై ఏం చేస్తుందో ఒకసారి దగ్గరుండి చూసినవాడు.

ఇప్పుడు నిదానం నిలబడే చోట ఒకప్పుడు గీతాయన తమ్ముడు నిలబడేవాడు. చెయ్యి తిరిగినవాడు, నోరు అంతకంటే తిరిగినవాడు. వాడి కబుర్ల కోసమే అవసరం లేకపోయినా గడ్డం గీయించుకునేవాళ్లు ఉండేవారు. ఇరవై దాటిన కొత్తల్లో ఒకరోజు అన్న తమ్ముడి జుట్టు కత్తిరిస్తూ మెడ మీద పల్చబడిన చోటు చూశాడు. ఆలోచించలేదు. చేతి అద్దం తీసి చూపించి, "ఏరా, పేనుకొరుకుడు నీకు కూడా వచ్చిందా? షాపు పరువు తీశావు పో" అన్నాడు. షాపంతా గొల్లుమంది. తమ్ముడు కూడా నవ్వాడు.

ఆ తర్వాత వాడి చెయ్యి మెడ మీదికి పోవడం మొదలైంది. కత్తెర ఆపి మరీ తడుముకునేవాడు. వచ్చినవాళ్లు తలో వైద్యం చెప్పారు. ఒకాయన ఉల్లిపాయ రుద్దమన్నాడు, ఇంకొకాయన రుద్దితే ఉన్నది కూడా పోతుందన్నాడు. అది చెవుల చుట్టూ తిరిగి, మెడంతా పాకి, పైకి ఎక్కింది. చివరికి కనుబొమలు కూడా మిగల్లేదు. జుట్టు లేనివాడి చేతికి జుట్టెలా అప్పగిస్తామని వేళాకోళం ఆడినవాళ్లు, కొన్నాళ్లకు వేళాకోళం మానేసి మొదటి కుర్చీ ఖాళీ అయ్యేదాకా బెంచీ మీదే కూర్చునేవారు. తమ్ముడు తన కుర్చీని తుడుస్తూ నిలబడేవాడు. ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్లి, చేపలు నిలవచేసే శీతల గిడ్డంగిలో పనికి కుదిరాడు. అక్కడ అందరూ చెవులు కప్పే టోపీలు పెట్టుకుంటారు. ఎప్పుడైనా ఇంటికి వస్తే ఆ టోపీతోనే భోంచేస్తాడు, ఆ టోపీతోనే పడుకుంటాడు.

తమ్ముణ్ణి చితగ్గొట్టింది రాలిన జుట్టు కాదు, తాను చూపించిన అద్దం అని గీతాయన మనసులో గట్టిగా పడిపోయింది. చూపించి ఉండకపోతే వాడు ఇంకొన్నాళ్లు నవ్వుతూ తిరిగేవాడు కదా అని ఆయన లెక్క. తప్పుడు లెక్కే. కానీ దాన్ని ఆయన ఎవరితోనూ అనలేదు కాబట్టి, తప్పని చెప్పేవాళ్లు కూడా లేకపోయారు.

అందుకని ఆ ఆదివారం ఆయన నోరు మెదపలేదు. కత్తి తీసుకుని గీతను పైకి జరిపాడు.

ఆ పని తెలిసినవాడికి అది పెద్ద కష్టం కాదు. పల్చబడినదంతా నున్నగా గీసేసి, ఒత్తుగా ఉన్నచోట గీత పెడితే, కింద చర్మం తప్ప ఏమీ కనబడదు. చెవుల చుట్టూ కూడా అంతే, వంపును కాస్త వెడల్పు చేస్తే సరి. చేతి అద్దాన్ని ఇటు తిప్పినట్టు చేసి అటు దించేస్తే ఆ పూటకు గండం గడిచినట్టే. కొడుకు అనుమానంగా చూస్తే, "ఇప్పుడు ఇదేరా ఫ్యాషన్" అన్నాడు. వాడు తల ఊపాడు. తండ్రి గీసిన గీతను తనిఖీ చేయాలన్న ఊహ కూడా ఆ పిల్లవాడికి ఎప్పుడూ రాలేదు.

మరుసటి నెల గీత ఇంకాస్త పైకి వెళ్లింది. ఆ పై నెల మరికాస్త. తల్లి ఆ వీధి చివర బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది, కొలతలు పట్టే కన్ను ఆవిడది. ఒకరోజు కంచం ముందు కూర్చున్న కొడుకును వెనక నుంచి చూసి, "వీడి మెడ పొడుగైనట్టుందేమిటండీ?" అంది. లిఫ్టులు పైకి పోతుంటే చూసి చూసి సాగి ఉంటుందిలే అన్నాడు గీతాయన. తల్లీ కొడుకూ నవ్వారు. ఆయన ఆ నవ్వుల మధ్య గబగబా నాలుగు ముద్దలు మింగి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అన్నింటికంటే పెద్ద విడ్డూరం ఇంకొకటి జరిగింది. ఆ ఎత్తు గీత కుర్రాళ్లకు నచ్చింది. ఎవడో ఒకడు లిఫ్టు మెకానిక్కును వెనక నుంచి చూసి వచ్చి అలాగే కావాలన్నాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. ఆర్నెల్లు తిరిగేసరికి వీధిలో సగం మంది కుర్రాళ్లు కుర్చీలో కూర్చుని "మీ అబ్బాయి కటింగ్" అనడం మొదలుపెట్టారు. తాను దాచిపెట్టిన జబ్బు ఊరందరి మెడల మీదా సోకు చేసుకుని తిరుగుతుంటే గీతాయన ఏమని చెప్పగలడు? కత్తి పదును చూసుకుని అడిగినట్టే గీసి పంపేవాడు.

కొడుక్కి దాన్ని చూపించింది తండ్రి కాదు, లిఫ్టు. కొత్తగా కట్టిన పెద్ద భవనంలో మూడువైపులా అద్దాలున్న లిఫ్టు బిగిస్తున్నారు. వాడు మోకాళ్ల మీద కూర్చుని కింది మరలు బిగిస్తూ తలెత్తేసరికి మూలన అద్దంలో ఎవరిదో మెడ కనబడింది. చెవి వెనక నుంచి చెవి వెనక దాకా పట్టీలాగా నున్నగా ఉంది. గీత పైన కూడా అక్కడక్కడా గుండ్రంగా ఊడిపోయింది. పాపం ఎవరికో ఏదో జబ్బు అనుకుని పక్కకు జరిగాడు. ఆ మెడ కూడా జరిగింది.

ఆ సాయంత్రం వాడు పని బట్టలతోనే షాపుకు వచ్చాడు. బెంచీ మీద మనుషులున్నారని కూడా చూడకుండా తండ్రి ముందు వెనక్కి తిరిగి నిలబడి, "నాన్నా, ఇదేంటో చూడు" అన్నాడు. గీతాయన చూశాడు. తానే గీసి, తానే జరిపి, తానే కాపలా కాసిన చోటును ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు వంగి చూశాడు.

"ఇప్పుడే మొదలైనట్టుంది రా" అన్నాడు.

దాచడం ఒక ఎత్తు. ఈ మాట ఇంకో ఎత్తు. దాచినంతకాలం ఆయన దాన్ని ప్రేమ అనుకోగలిగాడు. నోటితో అబద్ధం చెప్పాక ఆ వీలు కూడా లేకుండా పోయింది.

చర్మం డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లారు. ఆవిడ కొడుకు తలను దీపం కిందికి వంచి, చిన్న భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. మామూలు పేనుకొరుకుడు ఒక చోట గుండ్రంగా వచ్చి పోతుందనీ, ఇలా మెడ చుట్టూ చెవుల చుట్టూ పట్టీలాగా వచ్చేది కొంచెం మొండిదనీ చెప్పింది. ఎప్పటి నుంచి ఉందని అడిగింది. కొత్తదైతే ఊడినచోట సన్న సూదులతో మందు ఎక్కించి చూడవచ్చు. పాతదైతే అది చాలదు, రక్తపరీక్షలు చేయించి లోపలికి మందు వాడాలి. తనకు చూడబోతే ఏడాది నాటిదిలా ఉందని కూడా అంది.

"ఏడాది అయ్యుండదు మేడమ్" అన్నాడు కొడుకు. "మా నాన్నది కటింగ్ షాపు. నా తల నెలనెలా ఆయన చేతిలోనే ఉంటుంది. ఆయనకు కనబడకుండా ఏదీ ఉండదు."

డాక్టరమ్మ గీతాయన వైపు చూసింది. ఆయన గోడకు తగిలించిన చర్మం బొమ్మ వైపు చూశాడు. ఆవిడ అదే ప్రశ్న మళ్లీ ఆయన్నే అడిగింది. ఇంతలో కొడుకే అందుకుని, ఆయన కన్ను ఎలాంటిదో మీకు తెలియదని, వీధిలో ఎవరినడిగినా చెబుతారని, తండ్రి తరఫున వకీలులా వాదించాడు. చేసుకున్న పాపం కళ్లముందు నిలబడి తనను వెనకేసుకొస్తుంటే ఏ మనిషైనా కుంగిపోతాడు. గీతాయన కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఆవిడ, సరే, కొత్తదనే అనుకుని మొదలుపెడదాం అంది.

సూదులు మొదలయ్యాయి. ఒక్కో విడతకు మెడ చుట్టూ, చెవుల వెనక, చీమలు వరుసగా కుట్టినట్టు లెక్కలేనన్ని పోట్లు. కొడుకు పళ్లు బిగించి భరించేవాడు. బయటికి వచ్చాక నీళ్లు తాగి, "కొత్తదే కదా నాన్నా, తొందరగానే తగ్గుతుంది" అనేవాడు. తోటి మెకానిక్కు చేత వారంవారం మెడను ఫోనులో ఫొటో తీయించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తండ్రికి చూపించేవాడు. ఇక్కడ నూగు వచ్చినట్టు లేదూ అని వేలితో పెద్దది చేసేవాడు. నూగూ లేదు, ఏమీ లేదు. "వస్తోంది" అనేవాడు గీతాయన. ఆ ఒక్క మాట అన్న ప్రతిసారీ ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసేది.

ఆ రోజుల్లోనే కొడుకు తన బాబాయికి ఫోను చేస్తూ ఉండేవాడు. మేడ మీదికి వెళ్లి మాట్లాడి వచ్చేవాడు. ఏం మాట్లాడుకున్నారో గీతాయన అడగలేదు, అడిగే మొహం లేదు.

చివరికి భార్యతో చెప్పాడు. ఆవిడ మిషను ఆపి, చేతిలోని కాలరు ముక్క ఒళ్లో పెట్టుకుని మొత్తం వింది. మెడ పొడుగైందని తాను నవ్విన రోజు గుర్తొచ్చిందేమో, మొహం గట్టిపడింది.

"చెప్పి మీ తమ్ముణ్ణి పోగొట్టుకున్నామని, చెప్పకుండా వీణ్ణి పోగొట్టుకుంటారా?" అంది. "నేను చెబితే అది చాడీ అవుతుంది. మీరే చెప్పండి. ఇంకో విడత సూదులు పడకముందే చెప్పండి."

చెబుతానన్నాడు. ఆ వారమంతా మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. పొద్దున చెప్పాలనుకుంటే వాడు డ్యూటీకి పరిగెత్తేవాడు, సాయంత్రం చెప్పాలనుకుంటే అలిసిపోయి వచ్చేవాడు. చెప్పదలుచుకోనివాడికి అడ్డంకులకు కరువా? అలా అలా సూదులు వేయించుకోవాల్సిన శనివారం రానే వచ్చింది.

ఆ రోజు కొడుకు సగం పూట సెలవు పెట్టి తిన్నగా షాపుకు వచ్చాడు. అక్కడి నుంచి ఇద్దరూ కలిసి వెళ్లాలి. పనిలో పెట్టుకునే టోపీ మోకాలికి తగిలించుకుని బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నిదానం తన కుర్చీలో బట్టల కొట్టు ఆసామికి గడ్డం గీస్తున్నాడు. మొదటి కుర్చీలోకి ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. మందుల దుకాణంలో పనిచేస్తాడు, పాత ఖాతాదారే, ఈమధ్య రెండు నెలలు రాలేదు. సోమవారం ఇంకో ఊళ్లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని, కాస్త నీటుగా ఉండాలని అన్నాడు. వెనక్కి తిరిగి లిఫ్టు మెకానిక్కు వైపు ఒక నవ్వు విసిరి, "మీ అబ్బాయి కటింగే పెట్టండి అంకుల్" అన్నాడు.

గీతాయన మెడకు గుడ్డ కట్టి, నీళ్లు చల్లి, మెడ మీది జుట్టును దువ్వెనతో పైకి లేపాడు. చెయ్యి ఆగిపోయింది.

కుడి చెవి వెనక, వేలి గోరంత. మెడ మధ్యలో ఇంకొకటి, దానికంటే చిన్నది. దువ్వెనను మెల్లగా బయటికి లాగాడు. పళ్లలో వెంట్రుకలు, కుదుళ్లతో సహా.

ఎవరూ ఏమీ చూడలేదు. ఆసామి మొహం నిండా నురగ. కొడుకు ఫోనులోంచి తలెత్తలేదు. కుర్చీలోని కుర్రాడు సోమవారం ఇంటర్వ్యూలో తన మొహం ఎలా ఉంటుందో అన్నట్టు అద్దంలో ఇటూ అటూ తిప్పి చూసుకుంటున్నాడు. అడిగింది కూడా ఎత్తు గీతే. అడిగింది అడిగినట్టు పెడితే ఆ రెండు మచ్చలూ గీత కింద పడి మాయమైపోతాయి, కుర్రాడు సంతోషంగా లేచి వెళ్తాడు, తన మాట గుట్టుగానే ఉంటుంది. చూపించాడంటే మాత్రం, ఇంత చిన్న మచ్చను ఇంత తేలిగ్గా పట్టగల కన్ను అప్పుడెందుకు పట్టలేదని బెంచీ మీద కూర్చున్నవాడికి అర్థం కాక మానదు. కత్తిని చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ కింద పెట్టి, చేతి అద్దం తీసుకున్నాడు.

"బాబూ, ఇక్కడ చూడు" అన్నాడు.

కుర్రాడు చూశాడు. మొదట అర్థం కాలేదు. గీతాయన వేలితో చెవి వెనక చోటును, తర్వాత మెడ మీది చోటును చూపించాడు. కుర్రాడి మొహంలో రంగు తగ్గింది. అయినా తేలిగ్గా తీసుకోబోయాడు.

"కాస్త పల్చబడింది అంతే కదా అంకుల్. గీత పైకి పెట్టేయండి, కనబడదు."

"పెడితే కనబడదు. అందుకే పెట్టను." ఆయన అద్దాన్ని రెండో వైపుకు తిప్పి పట్టుకున్నాడు. "పైకి జరిపితే నీకు కనబడదు, నాకు కనబడుతూనే ఉంటుంది. నెలనెలా ఇంకాస్త జరపాలి. అలా ఏడాది గడిచిపోతుంది. ఇప్పుడు గోరంతే ఉంది, ఇప్పుడే వెళ్లు. మాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది, అడ్రసు ఇస్తాను."

నిదానం కత్తి ఆపాడు. ఆసామి నురగలోంచి ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకున్నాడు. బెంచీ మీద ఫోను వెలుతురు ఆరిపోయింది.

గీతాయన అటు చూడలేదు. చూస్తే మిగతా పని చేయలేనని ఆయనకు తెలుసు. మామూలు చోటే గీత పెట్టి, మచ్చలున్నచోట కత్తి ఆనకుండా జాగ్రత్తగా తప్పించి, పౌడరు అద్ది, అడ్రసు రాసి ఇచ్చాడు. దీనివల్ల ఉద్యోగం రాకుండా పోతుందా అని కుర్రాడు చిన్నగా అడిగాడు. పోదు, నువ్వు తలెత్తుకుని మాట్లాడు అన్నాడు గీతాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన పెదవుల మీద నవ్వన్నది లేదు. కుర్రాడు మెడ తడుముకుంటూ వెళ్లిపోయాడు.

కొడుకు లేచి వచ్చి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. గుడ్డ కట్టుకోలేదు. అద్దంలో తండ్రి కళ్లలోకి చూశాడు.

"నాది ఎప్పుడు చూశావు?"

ఇంకో అబద్ధానికి చోటుందేమోనని గీతాయన వెతకలేదు.

"నువ్వు ఉద్యోగంలో చేరిన నెల."

"డాక్టరమ్మ ముందు నేను నీ తరఫున అంత వాదిస్తుంటే?"

"అప్పటికి ఏడాది దాటింది."

నిదానం ఆసామి మొహం తుడిచి, జన్మలో మొదటిసారి చకచకా కదిలి, టీ తాగుదాం రమ్మని ఆయన్ని బయటికి తీసుకుపోయాడు. ఆసామి కూడా, ఒక చెంప గీయకుండానే, మారు మాట్లాడకుండా వెళ్లాడు.

"ఆ కుర్రాడు నీ కొడుకు కాకపోవడం వాడి అదృష్టం" అన్నాడు కొడుకు.

అది తగలాల్సిన చోటే తగిలింది. గీతాయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. బాబాయి సంగతి చెప్పాడు. అద్దం చూపించిన రోజు సంగతి, తర్వాత వాడు తల దించుకున్న సంగతి, నీకు కూడా అలా అవుతుందేమోనని భయపడిన సంగతి, మాటలు తడబడుతూ అన్నీ చెప్పాడు. క్షమించమని మాత్రం అడగలేకపోయాడు. అడిగే హక్కు తనకు లేదనిపించింది.

"బాబాయి నాకు చెప్పాడు" అన్నాడు కొడుకు. "నువ్వు చూపించినందుకు కాదట నాన్నా. నవ్వినందుకట. షాపులో అందరినీ నవ్వించావట. ఆ రోజు నువ్వు నవ్వకుండా చెప్పి ఉంటే, గుండుతోనే ఆ రెండో కుర్చీ దగ్గర నిలబడేవాణ్ణి అన్నాడు."

గీతాయన తన ఇన్నేళ్ల లెక్క తప్పని ఆ ఒక్క మాటతో తెలుసుకున్నాడు. తమ్ముడికి చేసింది ఒక తప్పు, దాన్నుంచి నేర్చుకున్నది అంతకంటే పెద్ద తప్పు. ఆయన మొహం చేతులతో కప్పుకుని ఏడ్చాడు. పని చేసే చోట ఆయన ఏడవడం అదే మొదలు. కొడుకు లేవలేదు, ఓదార్చలేదు. అలాగని బయటికి వెళ్లిపోనూ లేదు. వాడి కళ్లు కూడా నిండే ఉన్నాయి, కోపం మాత్రం చల్లారలేదు.

తండ్రి తేరుకున్నాక వాడే మాట్లాడాడు. అది ఎప్పటి నుంచి ఉందో ఇవాళ డాక్టరమ్మకు నువ్వే చెప్పాలన్నాడు. ఆవిడ అడగకముందే చెప్పాలన్నాడు. గీతాయన చెబుతానన్నాడు. ఇక సూదులు దండగని ఆవిడ అంటే అననీ, రక్తపరీక్షలు చేయించుకుంటాను, జుట్టు వస్తే వస్తుంది లేకపోతే లేదు, ఏది ఎంత ఉందో మాత్రం నాకు తెలియాలి అన్నాడు కొడుకు. దానికీ ఆయన తల ఊపాడు. అడగాల్సింది ఇంకొకటి మిగిలింది. అది అడగడానికి ఆయనకు చాలా ధైర్యం కావలసి వచ్చింది.

"ఇక నుంచి నీ తల నిదానానికి అప్పగించమంటావా?"

కొడుకు అద్దంలో తండ్రి చేతుల వైపు చూశాడు. పక్కన మడతపెట్టి ఉన్న గుడ్డ తీసుకుని తన మెడకు తానే చుట్టుకున్నాడు.

"నువ్వే కత్తిరించు. గీత మాత్రం ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టు, కింద ఏం కనబడినా సరే" అని తల ముందుకు వంచాడు.